డిప్లాయ్‌మెంట్ పేజీలో పచ్చ టిక్కు, బయట పేమెంట్లు బంద్: గిట్‌హబ్‌లోంచే కనిపెట్టుకోవచ్చా?

మాదాపూర్_మురళి · మంగళవారం, రాత్రి 10:52

మాది మాదాపూర్‌లో చిన్న ఆఫీసు. పద్నాలుగు మందిమి, కోడు రాసేవాళ్ళం తొమ్మిది మంది. కోడంతా గిట్‌హబ్‌లో (కోడు దాచుకుని మార్పులు చూసుకునే సైటు) ఉంటుంది, టీమ్ ప్లాన్. పనులు దానంతటదే నడిపే గిట్‌హబ్ యాక్షన్స్‌తో కుబెర్నెటిస్ క్లస్టర్‌కి, అంటే యాప్‌ని నడిపే సర్వర్ల గుంపుకి పంపిస్తాం (డిప్లాయ్ అంటే ఇదే). ప్రొడక్షన్‌కి, అంటే కస్టమర్లు వాడే చోటుకి, రోజుకి పన్నెండు సార్ల దాకా వెళ్తుంది.

నిన్న సాయంత్రం ఆరున్నరకి ఒక పీఆర్ (కోడు మార్పుల ప్రతిపాదన) మెర్జ్ కొట్టి, అంటే అసలు కోడులో కలిపేసి, బండి తీశాను. దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి మీద ఇరుక్కుపోయాను. సోమవారం ఆ టైముకి అక్కడ ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. బండి ఆపేసి ఫోన్లో గిట్‌హబ్ యాప్ తీస్తే ప్రొడక్షన్ పక్కన పచ్చ టిక్కు. హమ్మయ్య అనుకుని ఫోను జేబులో పెట్టుకున్నా. ఇంటికొచ్చి బూట్లు విప్పుతుంటే మా సపోర్ట్ అమ్మాయి నుంచి వాట్సాప్: "అన్నా, ఎవరికీ పేమెంట్ అవ్వట్లేదంట. ఏడుగురు ఫోన్ చేశారు." అప్పటికి నలభై నిమిషాలు దాటింది.

లాప్‌టాప్ తెరిచి అయిదు ట్యాబులు పెట్టుకున్నా. యాక్షన్స్ లాగ్ ఒకటి, గ్రఫానా (యాప్ ఎర్రర్లని గీతలుగా చూపే పేజీ) ఒకటి, క్లౌడ్ కన్సోల్ ఒకటి, స్లాక్ ఒకటి, పేమెంట్ గేట్‌వే వాళ్ళ పేజీ ఒకటి. గిట్‌హబ్‌లో అన్నీ పచ్చగానే ఉన్నాయి, గ్రఫానాలో మాత్రం ఎర్రగీత నిట్టనిలువుగా లేచి ఉంది. పాత వెర్షన్ వెనక్కి పెట్టాక సర్దుకుంది.

నా ప్రశ్న ఒక్కటే. మేము రోజంతా ఉండేది గిట్‌హబ్‌లోనే. డిప్లాయ్ అయింది సరే, అది బతికుందో లేదో కూడా అక్కడే కనబడేలా చేసుకోవచ్చా? ఈ అయిదు ట్యాబుల గోల తప్పుతుందా?

---

పాతబస్తీ_పైప్‌లైన్ · మంగళవారం, రాత్రి 11:10

అన్నా, గా పచ్చ టిక్కును నమ్ముకుంటే గింతే సంగతి. గది ఏం చెప్తది? నువ్వు రాసిన కమాండు ఏ ఎర్రర్ లేకుండా అయిపోయిందని చెప్తది, గంతే. కుబ్‌సీటీఎల్ అప్లై (కొత్త వెర్షన్ పెట్టుమని కుబెర్నెటిస్‌కు చెప్పే కమాండు) కొట్టినవనుకో, క్లస్టర్ల హుకుం తీస్కునే ఏపీఐ సర్వర్ "సరే, రాసుకున్న" అన్నంక కమాండు అయిపోతది. పాడ్లు (క్లస్టర్ల నడిచే యాప్ కాపీలు) లేచినయా పడ్డయా దానికేం ఎరుక? పోస్ట్ డబ్బాల ఉత్తరం ఏసి, అవతలోడు సదివిండని అనుకున్నట్టే.

నీ వర్క్‌ఫ్లోల (యాక్షన్స్ చేసే పనుల జాబితాల) అప్లై తర్వాత కుబ్‌సీటీఎల్ రోల్అవుట్ స్టేటస్ (కొత్త పాడ్లన్నీ లేచేదాక ఆగి చూసే కమాండు) ఉన్నదా లేదా, గది చెప్పు ముందుగాల.

---

మాదాపూర్_మురళి · మంగళవారం, రాత్రి 11:18

ఉందన్నా. టైమౌట్ కూడా అయిదు నిమిషాలు పెట్టాం. రోల్అవుట్ నిజంగానే పూర్తయింది, పాడ్లన్నీ రెడీ.

తప్పెక్కడంటే, ఆ పీఆర్‌లో పేమెంట్ గేట్‌వే తాళం (రహస్య కీ) ఉండే వేరియబుల్ పేరు మార్చాం. స్టేజింగ్ (ముందుగా పరీక్షించుకునే చోటు) సీక్రెట్‌లో, అంటే తాళాలు దాచే చోట, కొత్త పేరు పెట్టాం, ప్రొడక్షన్‌లో పెట్టడం మర్చిపోయాం. వేరియబుల్ ఖాళీ. అయినా యాప్ లేచి కూర్చుంది, సిద్ధంగా ఉన్నావా అని అడిగే రెడీనెస్ ప్రోబ్‌కి "బానే ఉన్నా" అని జవాబు కూడా ఇచ్చింది. ఎవరైనా డబ్బు కట్టబోతేనే 401, అంటే తాళం చెల్లదన్న ఎర్రర్.

---

కోస్తా_కుబేరుడు · మంగళవారం, రాత్రి 11:31

మురళి గారూ, అయితే ఇది డ్యాష్‌బోర్డు రోగం కాదండి, యాప్ రోగం. తాళం లేకుండా దుకాణం తెరిచిందండి మీ యాప్. మొదలయ్యేటప్పుడే అత్యవసరమైన వేరియబుల్స్ ఉన్నాయో లేదో చూసుకుని, లేకపోతే అక్కడికక్కడే చచ్చిపోయేలా రాయండి. కొత్త పాడ్ రెడీ అవదు, పాత పాడ్లని కొద్దికొద్దిగా మార్చే రోలింగ్ అప్‌డేట్ ముందుకెళ్ళదు, పాత పాడ్లు పని చేస్తూనే ఉంటాయి, కస్టమర్‌కి తెలియను కూడా తెలియదు. మీరు పెట్టిన అయిదు నిమిషాలు దాటగానే రోల్అవుట్ స్టేటస్ ఫెయిలవుద్ది, గిట్‌హబ్‌లో ఎర్రగా కనబడుద్ది. ఎవరికీ ఫోన్లు రావు.

ఇంకో మాటండి. కుబెర్నెటిస్ డిప్లాయ్‌మెంట్‌కి ప్రోగ్రెస్ డెడ్‌లైన్ అని ఒకటుంటది, మామూలుగా 600 సెకన్లు. అది దాటితే "ముందుకెళ్ళట్లేదు" అని రాసి పెడుద్ది తప్ప దానంతటది వెనక్కి తిప్పదు. తిప్పుద్దని చాలామంది అనుకుంటారు. రోల్అవుట్ అన్‌డూ మనమే కొట్టాలి.

---

సందేహాల_సుబ్బారావు · బుధవారం, ఉదయం 7:05

పెద్దాయనగా ఒక మాట. గిట్‌హబ్ డిప్లాయ్‌మెంట్ పేజీ అనేది గుమాస్తా చిట్టా. ఏ కమిట్ (భద్రపరిచిన కోడు మార్పు), ఎవరు, ఎప్పుడు, ఏ ఎన్విరాన్‌మెంట్‌కి (ప్రొడక్షనో, స్టేజింగో) పంపారో రాసుకుంటుంది. చిట్టా రాసే గుమాస్తాని గేటు దగ్గర కాపలా కూడా కాయమంటే రెండూ చెడతాయి. కాపలాకి గ్రఫానా ఉంది, యాప్ లెక్కలు పోగుచేసే ప్రొమీథియస్ ఉంది. ట్యాబులు అయిదైతే అయిదు. కళ్ళు రెండున్నాయిగా!

---

సుజాత_ఎస్‌ఆర్‌ఈ · బుధవారం, ఉదయం 9:20

సుబ్బారావు గారూ, మీ చిట్టా పోలిక నాకు నచ్చింది. కానీ మురళి ఇబ్బంది వేరే. ఆ చిట్టాలో "పంపాను" అని రాయాల్సిన చోట "అందింది, పని చేస్తోంది" అన్న అర్థం వచ్చే టిక్కు పడుతోంది. కాపలా గ్రఫానాయే కాయనివ్వండి. కాపలావాడు సరేనన్న తర్వాతే గుమాస్తా టిక్కు పెట్టాలంటున్నాను.

అది చెయ్యడానికి గిట్‌హబ్‌లో వీలుంది. డిప్లాయ్‌మెంట్స్ ఏపీఐ (వేరే ప్రోగ్రాములు గిట్‌హబ్‌తో మాట్లాడే దారి) 2014 నుంచీ ఉంది, యాక్షన్స్ పుట్టకముందు నుంచే. ఒక డిప్లాయ్‌మెంట్ సృష్టించి, దానికి స్టేటస్‌లు ఒకదాని తర్వాత ఒకటి తగిలించుకుంటూ పోవచ్చు: క్యూలో ఉంది, నడుస్తోంది, సఫలం, విఫలం, ఎర్రర్, ఇనాక్టివ్. ఈ స్టేటస్‌లు యాక్షన్సే రాయాలని లేదు. యాక్షన్స్ లాంటి వేరే టూల్ జెన్‌కిన్స్ రాయొచ్చు, మీ మానిటరింగ్ స్క్రిప్ట్ రాయొచ్చు. ప్రతి స్టేటస్‌తో పాటు లాగ్ లింకు, ఎన్విరాన్‌మెంట్ లింకు, 140 అక్షరాల వివరణ పంపొచ్చు. ఆ లాగ్ లింకులో సరిగ్గా ఆ పది నిమిషాల గ్రఫానా పేజీ పెడితే అయిదు ట్యాబులు వెతుక్కునే పని ఒక్క నొక్కుకి దిగుతుంది.

యాక్షన్స్‌లో ఇంకా తేలిక దారి: జాబ్‌కి (వర్క్‌ఫ్లోలో ఒక పనికి) ఎన్విరాన్‌మెంట్ కీ, అంటే ఎక్కడికి పంపుతున్నామో చెప్పే లైను పెడితే డిప్లాయ్‌మెంట్ దానంతటదే పుడుతుంది. జాబ్ నడుస్తున్నంతసేపూ "నడుస్తోంది", జాబ్ గెలిస్తే సఫలం, ఓడితే విఫలం. కాబట్టి పరీక్షని వేరే జాబ్‌లోకి తోసెయ్యకండి, అదే జాబ్‌లో డిప్లాయ్ స్టెప్ కింద పెట్టండి. చాలామంది దగ్గర స్మోక్ టెస్ట్ (పంపగానే చేసే చిన్న పరీక్ష) విడి జాబ్‌లో ఉంటుంది. అది ఎర్రబడినా డిప్లాయ్‌మెంట్ పేజీ మాత్రం పచ్చగా నవ్వుతూనే ఉంటుంది. మురళి ఫోన్లో చూసింది ఆ పేజీనే.

---

అమీర్‌పేట_ఫ్రెషర్ · బుధవారం, ఉదయం 9:48

మేడమ్, స్మోక్ టెస్ట్ అంటే హెల్త్ లింకు కొట్టి 200 (అంతా బానే ఉందన్న జవాబు) వచ్చిందో లేదో చూడటమే కదా? మా ఇన్‌స్టిట్యూట్‌లో అంతే చెప్పారు.

---

పాతబస్తీ_పైప్‌లైన్ · బుధవారం, ఉదయం 10:02

తమ్మీ, మురళి అన్న పాడ్లు గూడ 200 ఇచ్చినయ్. దర్వాజ కొడితే "ఎవరూ" అన్నరు, లోపల పొయ్యి ఎలగలె.

---

సుజాత_ఎస్‌ఆర్‌ఈ · బుధవారం, ఉదయం 10:15

మంచి ప్రశ్నే అడిగావు, సిగ్గుపడక్కర్లేదు. డబ్బు నడిచే దారిలో ఒకసారి నువ్వే నడవాలి. మురళి వాళ్ళ సంగతి తీసుకో. గేట్‌వే టెస్ట్ మోడ్‌లో పేమెంట్ చేసి చూస్తే ఈ తప్పు దొరకదు. టెస్ట్ తాళం వేరు, అసలు తాళం వేరు. అసలు తాళంతోనే ఒక రూపాయి ఆర్డర్ సృష్టించి, డబ్బు కట్టకుండా వదిలెయ్యాలి. ఆర్డర్ నంబరు వెనక్కి వస్తే తాళం పని చేస్తున్నట్టు, 401 వస్తే జాబ్ అక్కడే ఓడిపోవాలి. ఎవరి ఖాతాలోంచీ పైసా పోదు. కాకపోతే అలాంటి ఆర్డర్లకి ఒక గుర్తు పెట్టండి, లేకపోతే నెలాఖరున అకౌంట్స్ వాళ్ళు మీ దగ్గరికి వస్తారు. మా దగ్గరికి వచ్చారు :)

---

సందేహాల_సుబ్బారావు · బుధవారం, మధ్యాహ్నం 1:33

సరే, ఒప్పుకుంటున్నా. కానీ కనిపించడం వేరు, చూడటం వేరు. 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల కంపెనీకి ఏమైందో గుర్తు చేస్తా. ఎనిమిది సర్వర్లలో కొత్త కోడు పెట్టాలి, ఏడింటిలో పెట్టారు. ఎనిమిదో దాంట్లో ఏళ్ళుగా వాడని పాత కోడు అలాగే ఉండిపోయింది. మార్కెట్ తెరవగానే అది నిద్ర లేచి, ముప్పావుగంటలో 46 కోట్ల డాలర్లకు పైగా నష్టం తెచ్చింది. కంపెనీ చేతులు మారాల్సొచ్చింది.

అసలు సంగతి ఇదీ: మార్కెట్ తెరవక ముందే వాళ్ళ సిస్టమ్ 97 ఈమెయిళ్ళు పంపింది. ఎర్రర్ పేరుతో సహా. అక్కడి మార్కెట్ నియంత్రణ సంస్థ ఉత్తర్వులోనే ఉంది ఆ లెక్క. ఆ మెయిళ్ళని హెచ్చరికలుగా ఎవరూ రూపొందించలేదు, అందుకని ఎవరూ పట్టించుకోలేదు. మురళీ, నువ్వు గిట్‌హబ్‌లో ఎర్ర గుర్తు తెప్పిస్తావు, బావుంది. సాయంత్రం ఆరున్నరకి దాన్ని చూసేది ఎవరు? బ్రిడ్జి మీద ఉన్న నువ్వా?

---

మాదాపూర్_మురళి · బుధవారం, మధ్యాహ్నం 1:50

గట్టిగానే తగిలింది సార్.

---

గిట్‌ల్యాబ్_గిరి · బుధవారం, మధ్యాహ్నం 2:12

గిట్‌హబ్‌కి పోటీ అయిన గిట్‌ల్యాబ్‌లో ఎన్విరాన్‌మెంట్స్ పేజీలోనే వెనక్కి తిప్పే బటన్ ఉంటుంది, పాత డిప్లాయ్ జాబ్‌నే మళ్ళీ నడుపుతుంది. మారిపోండి అందరూ :)

---

కోస్తా_కుబేరుడు · బుధవారం, మధ్యాహ్నం 2:20

గిరి గారూ, పెళ్ళికెళ్ళి సంబంధాలు చూసినట్టుందండి! గిట్‌హబ్‌లో కూడా పాత రన్‌ని మళ్ళీ నడపొచ్చు, అదే కమిట్‌తో నడుస్తుంది. కాకపోతే మొదటి రన్ అయ్యి 30 రోజులు దాటితే కుదరదు. ఇద్దరి బటనూ డేటాబేస్ మైగ్రేషన్‌ని (డేటాబేస్ నిర్మాణంలో చేసిన మార్పుని) మాత్రం వెనక్కి తిప్పదు, అది గుర్తుంచుకోండి.

---

మోడరేటర్ · బుధవారం, మధ్యాహ్నం 2:41

గిట్‌హబ్ గొప్పా గిట్‌ల్యాబ్ గొప్పా అన్న చర్చకి వేరే దారం ఉంది. ఇక్కడున్న ఆరు పోస్టులు అక్కడికి తరలించాను.

---

సుజాత_ఎస్‌ఆర్‌ఈ · బుధవారం, రాత్రి 9:05

సుబ్బారావు గారి ప్రశ్నకి మా దగ్గర చేసుకున్నది చెప్తా.

స్లాక్‌లో గిట్‌హబ్ యాప్ పెట్టి రిపోని (మన కోడు ఉండే చోటుని) సబ్‌స్క్రైబ్ చేస్తే ఇష్యూలు, పీఆర్‌లు, కమిట్లు, రిలీజులు, డిప్లాయ్‌మెంట్లు అన్నీ ఒక ఛానల్లో కుమ్మరిస్తుంది. వారం తిరగకుండా అందరూ దాన్ని మ్యూట్ చేస్తారు. నైట్ క్యాపిటల్ వాళ్ళ 97 మెయిళ్ళు ఇవే, రూపం మారిందంతే. మేము మిగతావన్నీ అన్‌సబ్‌స్క్రైబ్ చేసి, ఒక ఛానల్లో డిప్లాయ్‌మెంట్లు మాత్రమే ఉంచాం. జాబ్ ఓడిపోతే ఆ మెర్జ్ చేసినవాళ్ళ పేరు పెట్టి పిలిచే మెసేజ్ ఒకటి విడిగా వస్తుంది. రెండు నిమిషాల్లో ఎవరూ పలక్కపోతే ఆన్‌కాల్ ఫోను, అంటే ఆ పూట డ్యూటీలో ఉన్నవాళ్ళ ఫోను మోగుతుంది. మెర్జ్ చేసినవాళ్ళు టిక్కు పడేదాకా కుర్చీ వదలకూడదని అనుకున్నాం. మురళీ, ఏమనుకోకు, కానీ ఆరున్నరకి మెర్జ్ కొట్టి బండి తియ్యడమే మొదటి తప్పు.

---

నైట్‌షిఫ్ట్_నానక్‌రామ్‌గూడ · గురువారం, రాత్రి 2:40

ఆ ఆన్‌కాల్ ఫోను నేనే. మాట్లాడుకోండి, వింటున్నా.

మోగే ముందు ఒకటి ఆలోచించండి. "ఎర్రర్లు 2 శాతం దాటితే విఫలం" అని పెడతారు. రాత్రి రెండుకి అయిదు నిమిషాల్లో వచ్చేది పాతిక రిక్వెస్టులు. ఒక్కటి పడితే 4 శాతం. ఎవరిదో ఫోన్లో నెట్ పోయినందుకు నన్ను లేపుతుంది. శాతంతో పాటు "కనీసం ఇన్ని రిక్వెస్టులు" అన్న షరతు పెట్టండి, పుణ్యముంటుంది.

---

మాదాపూర్_మురళి · గురువారం, సాయంత్రం 5:15

లెక్క వేసుకున్నా, చూడండి. జాబ్‌లోనే పది నిమిషాలు కూర్చుని ఎర్రర్ రేటు చూసేలా రాస్తే, రోజుకి 12 డిప్లాయ్‌లు, 120 నిమిషాలు. నెలకి 22 పనిదినాలు, 2,640 నిమిషాలు. టీమ్ ప్లాన్‌లో ప్రైవేట్ రిపోలకి నెలకి వచ్చేవి 3,000. అంటే టెస్టులకీ బిల్డ్‌లకీ మిగిలేది 360. ఊరికే కూర్చోవడానికే డబ్బు కట్టాలి.

ఇంకోటి, ప్రొడక్షన్‌కి వెళ్ళే ముందు ఒకరు ఆమోదించేలా రివ్యూయర్ నియమం పెడదామనుకున్నా. ప్రైవేట్ రిపోకి అది ఎంటర్‌ప్రైజ్ ప్లాన్‌లోనే ఉందట. మా బాస్‌కి ఆ మాట చెప్తే నవ్వి టీ తెప్పించారు.

---

సుజాత_ఎస్‌ఆర్‌ఈ · గురువారం, సాయంత్రం 6:02

కూర్చోబెట్టే పని రన్నర్‌కి (యాక్షన్స్ జాబ్‌ని నడిపే యంత్రానికి) ఇవ్వకు. డిప్లాయ్‌మెంట్‌ని ఏపీఐతో సృష్టించి "నడుస్తోంది" అని వదిలెయ్యి. క్లస్టర్‌లోనే ఒక చిన్న స్క్రిప్ట్ ప్రొమీథియస్‌ని పది నిమిషాలు అడిగి సఫలమో విఫలమో రాస్తుంది. రన్నర్ నిమిషాలు ఖర్చవవు.

అందులో మేము పడ్డ గోతులు రెండు చెప్తా. డిప్లాయ్‌మెంట్ సృష్టించేటప్పుడు ఆటో మెర్జ్ దానంతటదే ఆన్‌లో ఉంటుంది. నీ బ్రాంచి వెనకబడి ఉంటే మెయిన్‌ని దాంట్లోకి మెర్జ్ చెయ్యబోతుంది. ఆఫ్ చెయ్యి. రెండోది, ఆ కమిట్ మీద చెక్‌లన్నీ (దానంతటవే నడిచే పరీక్షలు) పచ్చగా ఉంటేనే ఒప్పుకుంటుంది. నువ్వు అడిగేది నడుస్తున్న వర్క్‌ఫ్లో లోంచే కాబట్టి ఆ చెక్ ఇంకా పెండింగ్, 409 ఎర్రర్ కొడుతుంది. ఏ చెక్‌లు తప్పనిసరో చెప్పే రిక్వైర్డ్ కాంటెక్స్ట్స్‌కి ఖాళీ జాబితా పంపాలి. దీని మీద నాకు ఒక ఆదివారం పోయింది.

---

కోస్తా_కుబేరుడు · గురువారం, సాయంత్రం 6:30

మూడో గొయ్యి నేను చెప్తానండి. ఏపీఐతో చేస్తున్నాం కదా అని జాబ్‌లో ఎన్విరాన్‌మెంట్ కీ తీసేస్తే, ఆ ఎన్విరాన్‌మెంట్ సీక్రెట్లు కూడా జాబ్‌కి అందవు. తియ్యకపోతే ఒకే డిప్లాయ్‌కి రెండు డిప్లాయ్‌మెంట్లు పుడతాయి, ఒకటి పచ్చ, ఒకటి పసుపు. చూసేవాడికి పిచ్చెక్కుద్ది.

---

పాతబస్తీ_పైప్‌లైన్ · గురువారం, రాత్రి 8:44

మురళన్నా, గింత లొల్లి ఎందుకే? తొమ్మిది మందే ఉన్నరు. ఎన్విరాన్‌మెంట్ కీ గట్లనే ఉంచు. గదే జాబ్‌ల రోల్అవుట్ స్టేటస్, ఎన్కనే రూపాయి ఆర్డర్, ఎన్క రెండు మూడు నిమిషాలు ఎర్రర్ల లెక్క. ఎట్లున్నా పగిలేది మొదటి మూడు నిమిషాలల్లనే పగులుతది. పది నిమిషాల తర్వాత పగిలేదాన్ని గ్రఫానా అలర్టు చూసుకుంటది. మూడు నిమిషాలంటే నెలకు 792. పైసలు మిగుల్తయ్, ఇరానీ చాయ్‌కి అస్తయ్.

ఒకటి మాత్రం తప్పకుండ జెయ్యి. డిప్లాయ్ అయినప్పుడల్ల గ్రఫానాల నిలువు గీత గీయమను, అనొటేషన్ అంటరు, ఏపీఐ ఉన్నది. గీతకు కమిట్ నంబర్ పెట్టు. గీత పక్కనే ఎర్రర్లు లేస్తె ఎవ్వలిని అడగనక్కర్లే, కిందామీదా అన్నీ ఆ గీతే చెప్తది.

---

సందేహాల_సుబ్బారావు · గురువారం, రాత్రి 9:10

ఇది నాకు నచ్చింది. ఇంకో ముక్క: అందరికీ ఒకేసారి పంపకండి. 2024 జులై 19 పొద్దున మన టైము 9:39కి క్రౌడ్‌స్ట్రైక్ అనే కంప్యూటర్ భద్రతా కంపెనీ వాళ్ళు ఒక కంటెంట్ ఫైలు వదిలారు, 10:57కి వెనక్కి తీసుకున్నారు. ఆ మధ్యలోనే 85 లక్షల విండోస్ యంత్రాలు పడ్డాయి. శంషాబాద్‌లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు, మర్చిపోయారా? ముందు కొన్ని యంత్రాలకి పంపి చూసి తర్వాత మిగతావాటికి పంపే పద్ధతి ఆ రకం ఫైళ్ళకి లేదు. తర్వాత పెడతామన్నారు. నువ్వు కూడా మొదట ఒక్క పాడ్‌కి పంపి, ఆ మూడు నిమిషాలూ దాని మీదే చూడు.

---

మాదాపూర్_మురళి · మూడు వారాల తర్వాత, శుక్రవారం, రాత్రి 8:25

పైప్‌లైన్ అన్న చెప్పినట్టే చేశాం. కుబేరుడు గారి మాట ప్రకారం తాళం లేకపోతే యాప్ లేవదు. ఒక్క పాడ్‌కి ముందు పంపే పని ఇంకా అవలేదు సార్, జాబితాలో ఉంది. ఆరు దాటాక మెర్జ్ చెయ్యట్లేదు, ముఖ్యంగా నేను.

ఈ మంగళవారం మొదటిసారి పట్టుబడింది. 4:10కి మా కుర్రాడొకడు కూపన్ల కోడు పంపాడు. రోల్అవుట్ పచ్చ, రూపాయి ఆర్డర్ పచ్చ, రెండో నిమిషంలో 500లు (సర్వర్ లోపలి ఎర్రర్లు) మొదలయ్యాయి. పీఆర్ కిందే "ప్రొడక్షన్: విఫలం" అని పడింది, స్లాక్‌లో వాడి పేరు వచ్చింది. 4:13కి అన్‌డూ కొట్టేశాడు. నాకు తెలిసేసరికి అంతా అయిపోయింది. సపోర్ట్ అమ్మాయికి ఒక్క ఫోన్ కూడా రాలేదు.

కొత్త తలనొప్పి ఒకటి. ఇప్పుడు బాస్ కూడా డిప్లాయ్‌మెంట్ పేజీ చూడటం మొదలుపెట్టారు. నిన్న పిలిచి, "స్టేజింగ్‌లో ఒక్కటి తప్ప అన్నీ ఇనాక్టివ్ అని ఉన్నాయేంటి, సర్వర్లు ఆపేశారా?" అని అడిగారు.

---

సుజాత_ఎస్‌ఆర్‌ఈ · శుక్రవారం, రాత్రి 8:40

కొత్తది వచ్చి కూర్చున్నాక పాతవాటికి గిట్‌హబ్ ఇచ్చే పేరు అది. నిన్నటి పేపరు లాగా. అలాగే చెప్పు.

---

నైట్‌షిఫ్ట్_నానక్‌రామ్‌గూడ · శనివారం, రాత్రి 1:55

కనీస రిక్వెస్టుల షరతు పెట్టారా లేదా?

---

మాదాపూర్_మురళి · శనివారం, ఉదయం 9:30

పెట్టాం అన్నా. 200.